చదువుల నిధి: అపోహలు – వాస్తవాలు

బిడ్డ పుట్టిన వార్త వీధి దాటకముందే పాలసీల ఏజెంటు గుమ్మమెక్కుట మన మధ్యతరగతి గృహములలో బారసాలవలె నొక ఆచారమైపోయినది. పసివాని పేర పాలసీ తీసికొన్నచో వాని కళాశాలవిద్యకు భరోసా కుదిరినట్లేయని తండ్రి తృప్తిపడును. అపోహలన్నింటిలో ఖరీదైనది ఇదియే. ఎవరి సంపాదన ఆగిపోయినచో సంసారము తలక్రిందులగునో వారి ప్రాణమునకు బీమా యుండవలెను గాని, ఒక్క పైసయు ఆర్జింపని ఉయ్యాలలోని శిశువునకు దానితో నేమి పని? తండ్రియే కాలధర్మము నొందినచో, ప్రీమియం మాఫీ నిబంధన లేని పాలసీకి వాయిదాలు కట్టువారెవరు? సంపాదించువారి పేర టర్మ్ పాలసీ తీసికొని, మిగిలిన సొమ్మును వేరుగ పొదుపు చేయుట మేలు. పథకమునకు పెట్టిన ముద్దుపేరును చూచి సంతకము చేయుటయే గాని, షరతులు చదువుట మనకు అలవాటు లేదు.

2015లో ఆరంభమైన సుకన్య సమృద్ధి పథకము విషయమునను ఇదియే జరుగుచున్నది. అమ్మాయికి 21 ఏండ్లు నిండగానే సొమ్మంతయు చేతికి వచ్చునని పలువురి నమ్మకము. ఆ ఏండ్లను లెక్కింపవలసినది ఖాతా తెరచిన నాటినుండి గాని, పుట్టిన నాటినుండి కాదు. పదేండ్లు నిండకముందు ఎప్పుడైనను తెరువవచ్చును గనుక, తొమ్మిదవ యేడు నిండిన పిమ్మట తీరికగా పోస్టాఫీసుకు వెళ్లిన తండ్రికి, గడువు తీరునప్పటికి కుమార్తె ముప్పదియవ పడిలో నుండును! అయినను నిరాశపడనక్కరలేదు, బాలిక పదవ తరగతి ఉత్తీర్ణురాలైన పిమ్మటగాని, 18 ఏండ్లు నిండిన పిమ్మటగాని, ఉన్నతవిద్య నిమిత్తము, గడచిన ఆర్థిక సంవత్సరాంతమున నున్న నిల్వలో సగమువరకు, ప్రవేశమునకు, ఫీజునకు ఆధారములు చూపి తీసికొనవచ్చును. ఏటా 250 రూపాయలు మొదలు లక్షన్నరవరకు 15 సంవత్సరములు కట్టినచో చాలును. మగపిల్లవానికి పి.పి.ఎఫ్. కలదు, అయితే తండ్రి తన ఖాతాలోను, కుమారుని ఖాతాలోను కలిపి ఏడాదికి లక్షన్నర మించి వేయరాదు.

“ఇంకను పసివాడే గదా, జీతము పెరిగిన పిదప చూతము” అనువారు ఈ లెక్క చూడవలెను. నెలకు 1,000 రూపాయల చొప్పున 18 ఏండ్లు కట్టినను, 2,000 చొప్పున 9 ఏండ్లు కట్టినను, జేబునుండి పోవునది 2,16,000 రూపాయలే. నూటికి ఏడు వంతున నెలనెలా చక్రవడ్డీ వచ్చినచో మొదటివానికి సుమారు 4,30,000, రెండవవానికి 3,00,000 రూపాయలు చేరును. ఈలోపల ఫీజులు ఏటా నూటికి ఎనిమిది చొప్పున పెరిగినచో నేటి లక్ష 18 ఏండ్లలో నాలుగు లక్షలగును.

బంగారమైనచో నిశ్చింత యందురు. హారముగా కొన్నచో మజూరీ, తరుగు అమ్మునాడు తిరిగిరావు. ఫీజు రీయింబర్స్‌మెంటును నమ్ముకొన్నవారు, అది ఆదాయపరిమితికి లోబడియుండుననియు, ఇంజనీరింగు కళాశాలలో యాజమాన్య కోటా సీటు కొన్నవారికి అక్కరకు రాదనియు గుర్తెరుగవలెను.

అప్పుచేసి చదివించుట పరువుతక్కువయని ప్రావిడెంటు ఫండును ఊడ్చి ఫీజు కట్టు తండ్రులను చూచినపుడు నాకు జాలి కలుగును. విద్యారుణమునకు సాధారణముగ చదువు ముగిసిన పిదప మరియొక సంవత్సరమువరకు వాయిదాలు కట్టనక్కరలేదు. వడ్డీ మాత్రము లెక్కకెక్కుచునే యుండును. వార్ధక్యమున ఇల్లు గడచుటకై అట్టి సులభ ఋణమిచ్చు బ్యాంకు ఏదియు నే నెరుగను.

ఇక మ్యూచువల్ ఫండులో సిప్ వేసి దానిని చివరిదాక కదపరాదనుకొనువారు, పిల్లవాడు ఇంటరులో చేరునప్పటినుండియే ఆ సొమ్మును కొంచెము కొంచెముగ బ్యాంకు డిపాజిట్టులోనికి మరల్చుకొనవలెను. కౌన్సెలింగులో సీటు కేటాయించిన కొలదిదినములలోనే ఫీజు చెల్లింపవలసియుండును. ఆ వారము మార్కెట్టు పడియున్నచో నష్టమునకే యూనిట్లు అమ్ముకొనవలసివచ్చును.