ఆకు కుళ్ళితే గాలికేమవుతుంది?

తొలకరి పడగానే బస్తర్ సాల అడవిలో గుప్పుమనే మట్టివాసన నేలలోని సూక్ష్మజీవులదే. ఎండాకాలంలో రాలిన ఆకులు తడి లేక అలాగే పడి ఉంటాయి. వాన తగిలిందా, సూక్ష్మజీవులు వాటిని తిని, మనలాగే కార్బన్ డయాక్సైడును వదులుతాయి. అందులో చాలాభాగాన్ని పచ్చని చెట్లు మళ్ళీ పీల్చుకుంటాయి.

సైబీరియా, అలాస్కాలలో ఈ పనిని అడ్డుకునేది చలి. అక్కడ వేల ఏళ్ళనాటి వేర్లు, ఆకులు ఫ్రిజ్‌లో పెట్టిన కూరల్లా గడ్డకట్టిన నేలలో కుళ్ళకుండా ఉన్నాయి. ధ్రువప్రాంతపు ఇలాంటి నేలల్లో సుమారు 1.5 లక్షల కోట్ల టన్నుల కార్బన్ ఉందని అంచనా. వాతావరణంలో ఉన్నదానికి ఇది దాదాపు రెట్టింపు! భూమి వేడెక్కి ఆ నేల కరిగితే సూక్ష్మజీవులకు విందే. నీరు నిలిచి ఆక్సిజన్ అందని చోట అవి మీథేన్‌ను కూడా వదులుతాయి. వేల ఏళ్ళు పోగైన కార్బన్‌ను అక్కడి పొట్టి వేసవిలో పెరిగే నాచు, పొదలు అంత వేగంగా తిరిగి పీల్చుకోలేవు. గాలిలో మిగిలినది భూమిని ఇంకా వేడెక్కిస్తుంది, మరికొంత నేల కరుగుతుంది.