గిటారుకు తగిన స్పీకరు పెట్టె ఏది?

మొన్న సంక్రాంతి సెలవుల్లో నా పాత విద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. తొమ్మిదో తరగతిలో నేను ధ్వని పాఠం చెబుతుంటే బల్లమీద వేళ్ళతో దరువు వేస్తూ కూర్చునేవాడు. ఇప్పుడు డిగ్రీ చదువుతూ, ఆదివారాలు చర్చిలో గిటారు వాయిస్తున్నాడు. చిన్నపిల్లలకు ట్యూషన్లు చెప్పి ఏడాదిపాటు కూడబెట్టిన డబ్బు జేబులో ఉంది.

“మాస్టారూ, నా గిటారు మాడలరుకు స్పీకరు పెట్టె కొనాలండి. ఒకదానిమీద వెయ్యి వాట్లని రాసి ఉంది, ఇంకోదానిమీద రెండువందల యాభై అని ఉంది. ధర ఇంచుమించు ఒకటే. వెయ్యి వాట్లదే తీసుకోమంటారా?” అని అడిగాడు.

“వాట్ల సంగతి తర్వాత చూద్దాం. ముందు నువ్వు దరువు వేస్తూ వదిలేసిన ధ్వని పాఠం పూర్తిచేద్దాం, కూర్చోరా” అన్నాను.

మీలో గిటారు పట్టినవాళ్ళు కొద్దిమందే ఉండవచ్చు. అయినా మీరు కూడా వచ్చి కూర్చోండి. ఈ చిన్న ప్రశ్నకు జవాబు వెతికేలోపు మీ పాఠ్యపుస్తకంలోని సగం భౌతికశాస్త్రం మనకు దారిలో ఎదురవుతుంది.

తీగ నుంచి పెట్టె దాకా

వీణకు కుండ ఉంది. మామూలు గిటారుకు డొల్ల పెట్టె ఉంది. తీగ కంపనాన్ని అవి పెద్దవి చేసి వినిపిస్తాయి. ఎలక్ట్రిక్ గిటారు చాలావరకు గట్టి చెక్కపలక. దానిని ఊరికే మీటితే పక్కవాడికి కూడా సరిగా వినపడదు. మరి ధ్వని ఎక్కడినుంచి వస్తుంది?

తీగల కింద ‘పికప్’ అనే భాగం ఉంటుంది. అయస్కాంతాల చుట్టూ సన్నని రాగితీగను కొన్ని వేల చుట్లు చుట్టి దానిని తయారుచేస్తారు. పైనున్న ఉక్కుతీగ కంపించినప్పుడు తీగచుట్టలోని అయస్కాంత అభివాహం మారుతుంది. అభివాహం మారితే చుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఇది 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణే. అమెరికాలో జార్జి బోషాం ఈ పద్ధతితో చేసిన గిటారుకు 1937లో పేటెంటు లభించింది. నైలాన్ తీగలు కడితే ఈ పికప్ ఎందుకు పలకదో మీరే చెప్పగలరు.

పికప్‌లో పుట్టిన బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని వర్ధకం, అంటే ఆంప్లిఫయరు, పెంచుతుంది. పెరిగిన విద్యుత్తు స్పీకరులోని తీగచుట్టకు చేరుతుంది. ఆ చుట్ట ఒక కాగితపు శంకువుకు అతికి, బలమైన అయస్కాంతం మధ్య ఉంటుంది. విద్యుత్తు మారినకొద్దీ శంకువు ముందుకూ వెనక్కూ కదిలి గాలిని కదిలిస్తుంది. ఈ రకం స్పీకరును రైస్, కెలాగ్ అనే ఇంజనీర్లు 1925లో వివరించారు. నేటికీ స్పీకర్లలో చాలా భాగం ఆ పద్ధతిలోనే పనిచేస్తున్నాయి.

లోపమే అందమైన కథ

పాతరోజుల్లో వర్ధకాలను రేడియో వాల్వులతో చేసేవారు. వాల్వు తన శక్తికి మించిన సంకేతాన్ని పెంచలేదు. బలవంతం చేస్తే తరంగం తల తెగిపోతుంది. కొండ శిఖరాన్ని చెక్కి మైదానం చేసినట్టు గుండ్రని తరంగం పైభాగం చదునవుతుంది. అలా చదునైన తరంగంలో కొత్త అనుస్వరాలు పుడతాయి. ఉదాహరణకు గిటారు అయిదో తీగ సెకనుకు 110 సార్లు కంపిస్తుంది. దానితోపాటు 220, 330, 440 హెర్ట్జ్‌ల అనుస్వరాలూ ఉంటాయి. తరంగం తల తెగితే పైనున్న అనుస్వరాల బలం బాగా పెరిగి, ఆ వరస వేల హెర్ట్జ్‌ల దాకా సాగుతుంది. ఇంజనీరు దీనిని లోపం అన్నాడు. సంగీతకారుడు మాత్రం ఇదే కావాలన్నాడు!

మరి అన్ని అనుస్వరాలు కలిస్తే చెవులు గీసినట్టుండాలి కదా? ఇక్కడ స్పీకరు ఒక మేలు చేస్తుంది. మన చెవి 20 నుంచి 20,000 హెర్ట్జ్‌ల వరకు వినగలదు. గిటారు కోసం చేసే 12 అంగుళాల స్పీకరు మాత్రం ఇంచుమించు 75 నుంచి 5,000 హెర్ట్జ్‌ల దాకానే బాగా పలుకుతుంది. ఆ పైన దాని గొంతు వేగంగా పడిపోతుంది. అంటే అది ఒక జల్లెడ. గీరే ధ్వనులను ఆపి, తియ్యని వాటిని వదులుతుంది. మనం విని ముచ్చటపడే ‘ఎలక్ట్రిక్ గిటారు ధ్వని’లో తీగ వాటా ఎంతో ఈ జల్లెడ వాటా కూడా అంతే.

మాడలరు చేసే పని

మాడలరు ఒక చిన్న కంప్యూటరు. గిటారు సంకేతాన్ని అది సెకనుకు 48,000 సార్లు, లేదా ఆ మాదిరిగా, కొలిచి అంకెలుగా మారుస్తుంది. వాల్వు వర్ధకం ఆ సంకేతాన్ని ఎలా మార్చేదో లెక్కకట్టి, తిరిగి విద్యుత్తుగా బయటికి పంపుతుంది. అమెరికాలోని లైన్ సిక్స్ సంస్థ 1998లో ‘పాడ్’ అనే చిన్న ఎర్రపెట్టెను తెచ్చాక ఇవి బాగా వ్యాపించాయి. 2011లో జర్మనీ నుంచి కెంపర్ ప్రొఫైలరు వచ్చింది.

వాల్వును లెక్కతో అనుకరించారు సరే, స్పీకరు జల్లెడను ఎలా అనుకరిస్తారు? ఖాళీ గుడి మండపంలో నిలబడి ఒక్క చప్పట్టు కొట్టండి. తిరిగివచ్చే ధ్వనిలో ఆ మండపం స్వభావమంతా ఉంటుంది. అలాగే నిజమైన స్పీకరు పెట్టెకు ఒక పరీక్షధ్వనిని పంపి, ఎదుట మైకు పెట్టి అది పలికిన తీరును నమోదు చేస్తారు. దీనినే ఇంపల్స్ రెస్పాన్స్ అంటారు. గిటారు సంకేతంలోని ప్రతి అంకెనూ ఒక చిన్న చప్పట్టుగా భావించి, వాటి స్పందనలన్నిటినీ కూడితే ఆ స్పీకరులో వాయించినట్టే ఉంటుంది. దీనిని ‘క్యాబినెట్ అనుకరణ’ అనవచ్చు.

జల్లెడ ఒక్కటే ఉండాలి

ఇప్పుడు అసలు సూత్రం చెబుతాను. గిటారు సంకేతం జల్లెడలోంచి ఒక్కసారే పోవాలి.

మాడలరులో అనుకరణ పెట్టి, దానిని మళ్ళీ మామూలు గిటారు స్పీకరుకు కలిపారనుకోండి. రెండుసార్లు జల్లెడ పట్టినట్టవుతుంది. ధ్వని దుప్పటి కప్పుకొని మాట్లాడినట్టుంటుంది. అనుకరణ తీసేసి, అన్ని పౌనఃపున్యాలూ పలికే స్పీకరుకు కలిపితే అసలు జల్లెడే లేదు. రేకు డబ్బాలో కందిరీగలు దూరినట్టుంటుంది. అనుకరణ ఉంటే పూర్తి పరిధి స్పీకరు, అనుకరణ లేకపోతే గిటారు స్పీకరు. ఈ రెండే సరైన జతలు.

ఆ పూర్తి పరిధి పెట్టెనే గిటారు వాళ్ళు ఎఫ్.ఆర్.ఎఫ్.ఆర్. అంటారు. అన్ని పౌనఃపున్యాలనూ పలకాలి, దేనినీ ఎక్కువచేసి, తక్కువచేసి పలకకూడదు అని దాని భావం. లోపల మంద్రానికి పెద్ద శంకువు, తారానికి చిన్న హారన్ ఉంటాయి. ఏది ఎవరి వాటానో పంచడానికి క్రాసోవర్ ఉంటుంది. మధ్యేమార్గంగా 2018లో లైన్ సిక్స్ ‘పవర్‌క్యాబ్’ వచ్చింది. అది పూర్తి పరిధిలో పలకగలదు, పేరున్న గిటారు స్పీకర్లను తానే అనుకరించనూ గలదు. అలా అనుకరించేటప్పుడు మాడలరులోని క్యాబినెట్ అనుకరణను ఆపాలి. సూత్రం మారలేదు చూశారా!

మాడలరు బయటికి పంపే విద్యుత్తు శంకువును కదిలించడానికి చాలదు. అందుకే వర్ధకం లోపలే ఉన్న ‘పవర్డ్’ పెట్టె కావాలి. ఒక హెచ్చరిక. వేరే ఆంప్లిఫయరు నుంచి స్పీకరుకు పోవలసిన తీగను ఈ పెట్టెలో ఎప్పుడూ గుచ్చకండి. ఆ బలానికి రెండూ చెడిపోవచ్చు.

వాట్ల లెక్క

ఇక మావాడి వెయ్యి వాట్లు. వాటు అనేది విద్యుత్ సామర్థ్యానికి కొలత, ధ్వనికి కాదు. ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాయన్నది స్పీకరు సున్నితత్వం. అది 97 డెసిబెల్స్ అనుకుందాం. వాట్లు పదిరెట్లయితే 10 డెసిబెల్స్ పెరుగుతాయి. రెట్టింపయితే పెరిగేది 3 మాత్రమే. కాబట్టి 250 వాట్లకు సుమారు 121, వెయ్యి వాట్లకు 127 డెసిబెల్స్ వస్తాయి. తేడా ఆరు! చెవికి ధ్వని రెండింతలుగా తోచాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి. నాలుగింతల వాట్లు పెట్టినా రెండింతల ధ్వని కూడా రాలేదన్నమాట.

పైగా ఆ వెయ్యి క్షణకాలపు గరిష్ఠమా, నిలకడగా ఇచ్చేదా అన్నది చూడాలి. గరిష్ఠమైతే నిలకడ విలువ అందులో సగమే ఉండవచ్చు. అప్పుడు మిగిలే తేడా 3 డెసిబెల్సే.

మరి చర్చికి ఎంత కావాలి? ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెల్స్ తగ్గుతాయి. ఒక్క వాటుతో ఒక మీటరు దగ్గర 97 ఉంటే, నాలుగు మీటర్ల దగ్గర 85 ఉంటుంది. గోడలున్న గదిలో ప్రతిధ్వనుల వల్ల అంత కూడా తగ్గదు. అంటే పాటలకు సగటున ఒక్క వాటు చాలు! గట్టిగా మీటిన క్షణాల్లో దానికి పదింతలు, ఒక్కొక్కప్పుడు వందింతలు కావాలి. అప్పుడు కూడా వంద వాట్లే కదా.

చెవీ, మోకాలూ

1933లో ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు ఒక విషయం చూపించారు. ధ్వని మెల్లగా ఉన్నప్పుడు మన చెవికి మంద్రస్వరాలు తక్కువగా వినిపిస్తాయి. గట్టిగా ఉన్నప్పుడు ఆ లోటు తగ్గుతుంది. ఇంట్లో రాత్రిపూట మెల్లగా వాయిస్తూ మంద్రం పెంచి అమర్చిన ధ్వని, హాలులో గట్టిగా పెట్టేసరికి గుమ్‌గుమ్‌మని మోగేది ఇందుకే. ఎంత గట్టిగా వాయిస్తారో అంత గట్టిగా పెట్టే అమర్చుకోవాలి.

ఇంకో సంగతి. ధ్వనివేగం సెకనుకు 340 మీటర్లు అనుకుంటే 100 హెర్ట్జ్‌ల తరంగదైర్ఘ్యం 3.4 మీటర్లు. 5,000 హెర్ట్జ్‌లకు 6.8 సెంటీమీటర్లే. శంకువు వ్యాసం 30 సెంటీమీటర్లు. తనకంటె పొడవైన తరంగాలను అది నలువైపులా చల్లుతుంది. పొట్టి తరంగాలను టార్చిలైటులా ఎదుటికే పంపుతుంది. పెట్టెను నేలమీద నిలబెట్టి పక్కనే నిలుచుంటే తారస్వరాలు మీ మోకాళ్ళకు తగులుతాయి. వినపడటంలేదని మీరు తారం పెంచుతారు. ముందువరసలో కూర్చున్నవాళ్ళు చెవులు మూసుకుంటారు. కాబట్టి పెట్టెను వాలుగా పెట్టి ముఖంవైపు తిప్పాలి. గదిమూలలో పెడితే మంద్రం ఎక్కువవుతుందని కూడా గుర్తుంచుకోండి.

కొట్టులో ఏం చేశాం?

మరునాడు ఇద్దరం కొట్టుకు వెళ్ళాం. మావాడు సొంత గిటారూ, మాడలరూ తెచ్చాడు. మొదటి పెట్టెకు కలిపి మీటగానే ఘోరంగా గీరింది. “ఇది బాగాలేదండీ” అని లేవబోయాడు. “నీ జల్లెడ ఏదిరా?” అన్నాను. చూస్తే మాడలరులో క్యాబినెట్ అనుకరణ ఆపేసి ఉంది! అది పెట్టగానే ధ్వని మారిపోయింది. మంచి పెట్టెను చెడ్డదని వదిలేసి ఉండేవాళ్ళం.

తర్వాత వరసగా ఈ పరీక్షలు చేశాం.

1. బాగా తెలిసిన ఒక పాటను పెట్టెలో వేసి విన్నాం. గాయకుడి గొంతు సహజంగా ఉంటే పెట్టె నిజం చెబుతున్నట్టే.

2. చర్చిలో వాయించేంత గట్టిగా పెట్టి విన్నాం.

3. వాయిస్తుండగా నేను పక్కలకు నడిచాను. ధ్వని మరీ మారిపోకూడదు.

4. వాట్లు కాక, గరిష్ఠ డెసిబెల్స్ విలువ చూశాం.

5. ఎత్తి చూశాం. ప్రతి ఆదివారం మోటారుసైకిలు మీద తీసుకుపోవలసింది అతనే కదా!

చివరికి మావాడు 250 వాట్ల పెట్టెనే ఎంచుకున్నాడు. రెండింటిలో గొంతు సహజంగా పలికింది అదే. మిగిలిన కొద్ది డబ్బుతో చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు కొనిపించాను. 85 డెసిబెల్స్ ధ్వనిని రోజుకు ఎనిమిది గంటలు మించి వినకూడదని నియమం. పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది పదిహేను నిమిషాలే. లోపలి చెవిలోని రోమకణాలు ఒకసారి చస్తే మళ్ళీ మొలవవు. స్పీకరు పాడైతే ఇంకొకటి కొనవచ్చు, చెవి దొరకదు.

మీరే చేసి చూడండి

పాత రేడియోలోంచి తీసిన చిన్న స్పీకరును, పెట్టె లేకుండా, పాట వస్తున్న రేడియోకు కలిపి వినండి. బ్యాటరీతో నడిచే రేడియో అయితే మంచిది. ధ్వని కీచుగా, పలచగా ఉంటుంది. తర్వాత పెద్ద అట్టముక్కలో స్పీకరు ముఖమంత రంధ్రం చేసి, దాని వెనుక స్పీకరును బిగించి మళ్ళీ వినండి. మంద్రం ఒక్కసారిగా నిండుతుంది. శంకువు ముందుకు కదిలినప్పుడు దాని వెనుక గాలికి ఏమవుతుంది? అట్ట అడ్డం లేనప్పుడు ముందు తరంగం, వెనుక తరంగం కలిస్తే ఏం జరుగుతుంది? ఆలోచించండి. స్పీకరుకు పెట్టె ఎందుకో అప్పుడు ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.