నెలంటే 28 రోజులా? రీఛార్జ్‌లో మనకు పడే బొక్క ఎంత?

మొన్న ఊళ్లో నాన్న ఫోన్‌కి గ్యాస్ డెలివరీ కోడ్ రాలేదు. సిలిండర్ వెనక్కి వెళ్లిపోయింది. చూస్తే వ్యాలిడిటీ ఎప్పుడో అయిపోయి ఇన్‌కమింగ్ కూడా ఆగిపోయింది. రీఛార్జ్ చేసేది నేనే, నెలకోసారి వేస్తున్నాననే అనుకున్నా. కానీ ఆ ప్లాన్ 28 రోజులది!

లెక్కేసి చూడండి. రూ. 299 ప్లాన్ ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు వేయాలి. మొత్తం రూ. 3,887. అందులో 18 శాతం జీఎస్టీ వాటా దాదాపు రూ. 593. అంటే ఆ 13వ రీఛార్జ్ మీద కూడా ట్యాక్స్ కడుతున్నాం. ఇదెక్కడి న్యాయం బాస్?

ఫోన్ల సంగతి సరేసరి. 2020 ఏప్రిల్ 1న జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది. 2025 సెప్టెంబర్ 22న ఏసీలకు, పెద్ద టీవీలకు 28 నుంచి 18కి తగ్గించారు, ఫోన్లను మాత్రం ముట్టుకోలేదు. నాన్న వాడే కీప్యాడ్ ఫోన్‌కీ, లక్ష రూపాయల ఫ్లాగ్‌షిప్‌కీ ఒకటే రేటు.

ప్రతి నెలా అదే తేదీకి రెన్యూ అయ్యే ప్లాన్ కనీసం ఒక్కటైనా ఉంచాలని ట్రాయ్ 2022లోనే చెప్పింది. నా ఆపరేటర్ యాప్‌లో అది దొరకడానికి పది నిమిషాలు పట్టింది, ఎక్కడో అడుగున దాచారు. నాన్న నంబర్‌కి అదే వేశా. సిలిండర్ మాత్రం మళ్లీ బుక్ చేయాల్సొచ్చింది.