నీ షేర్లు ఎవరి పుస్తకంలో ఉన్నాయి?

అమీర్‌పేటలో హాస్టల్ అద్దె, మెస్ బిల్లు పోగా జీతంలో మిగిలింది షేర్లలో పెడతానన్నావు. మంచిదేనమ్మా, పెట్టు. "ఏ బ్రోకర్ మంచివాడు తాతయ్యా?" అని అడిగావు చూడు, దానికి మాత్రం ఒక పేరు చెప్పి ఊరుకోలేను. పేరు చూసి నమ్మితే ఏమవుతుందో మన హైదరాబాద్‌కి ఒకసారి బాగా తెలిసొచ్చింది.

పంజాగుట్ట దాటి కాస్త పైకెళ్తే బంజారాహిల్స్. అక్కడ కార్వీ ఉండేది. 1980ల్లో కొందరు చార్టర్డ్ అకౌంటెంట్లు కలిసి మొదలుపెట్టారు. ఐపీఓ ఫారం కావాలన్నా, డీమ్యాట్ ఖాతా తెరవాలన్నా మన మధ్యతరగతి వాళ్లకి మొదట గుర్తొచ్చే పేరు అదే. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండేది, ఎక్స్ఛేంజీ సభ్యత్వం ఉండేది. అలాంటి సంస్థ మీద 2019 నవంబర్ 22న సెబీ ఆంక్షలు పెట్టింది. సుమారు 95,000 మంది ఖాతాదారుల షేర్లు, 2,300 కోట్ల రూపాయలకు పైబడినవి, బ్యాంకుల దగ్గరా ఫైనాన్స్ సంస్థల దగ్గరా తాకట్టులో ఉన్నాయి. ఆ షేర్ల యజమానుల్లో చాలామందికి ఆ సంగతే తెలియదు.

ఎలా జరిగిందో చెబుతా, విను. మా కాలంలో షేరంటే కాగితం. ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకునేవాళ్లం. ఇప్పుడు షేరంటే కంప్యూటర్‌లో ఒక పద్దు, అంతే. ఆ పద్దు రాసేది డిపాజిటరీ. దేశంలో రెండే ఉన్నాయి: 1996లో వచ్చిన ఎన్‌ఎస్‌డీఎల్, 1999లో వచ్చిన సీడీఎస్‌ఎల్. బ్రోకర్ తన కంప్యూటర్‌లో రాసుకునే లెక్క వేరే. కార్వీ ఖాతాదారులు తమ షేర్లు కదిపే అధికారమిచ్చే పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకం పెట్టి ఇచ్చారు. దాన్ని పట్టుకుని వాళ్ల షేర్లను కార్వీ తన పేరిట ఉన్న ఖాతాలోకి మళ్లించి, అక్కణ్నుంచి తాకట్టు పెట్టింది.

పంజాగుట్టలో నగలు కొన్నావనుకో. తూకం మీద అనుమానం వస్తే అదే కొట్టు తక్కెడ మీద ఎన్నిసార్లు తూచినా ఏం తెలుస్తుంది? పక్క కొట్టుకి వెళ్లాలి. సైన్సులో కొలత సరిచూసే పద్ధతీ ఇదే: రెండో కొలత మొదటిదాని మీద ఆధారపడకూడదు. బ్రోకర్ యాప్‌లో కనిపించే హోల్డింగ్స్‌ని అదే యాప్‌లో సరిచూస్తే అది పరీక్షే కాదు.

నీ రెండో తక్కెడ డిపాజిటరీ పంపే కన్సాలిడేటెడ్ అకౌంట్ స్టేట్‌మెంట్. లావాదేవీ జరిగిన నెలకి అది మెయిల్‌లో వస్తుంది. తెరవడానికి నీ పాన్ నంబరే పాస్‌వర్డ్. కంపెనీ పేరు వరసలో మొత్తం ఎన్ని షేర్లో చూడు, ఆ తర్వాత ప్లెడ్జ్, అంటే తాకట్టు, గడి చూడు. షేర్ల డబ్బంతా కట్టేసి, నువ్వు తాకట్టు పెట్టకుండా ఉంటే అక్కడ సున్నా తప్ప ఇంకే అంకె ఉండకూడదు. డిపాజిటరీ ఎస్సెమ్మెస్‌లు నీ ఫోన్‌కే వస్తున్నాయా? ఖాతాలో ఇంకెవరిదైనా నంబర్ ఉంటే ముందు అది మార్పించు.

మళ్లీ కార్వీ సంగతికొస్తే, 2019 డిసెంబర్ 2న సుమారు 83,000 మంది షేర్లు తిరిగి వాళ్ల ఖాతాల్లోకి వచ్చాయి. మరుసటి ఏడాది నవంబర్‌లో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ కార్వీని బహిష్కరించింది. 2023 ఏప్రిల్‌లో సెబీ ఆ సంస్థనీ దాని అధిపతినీ ఏడేళ్లపాటు మార్కెట్‌కి దూరంగా ఉంచింది. నియమాలూ బిగిశాయి. 2020 సెప్టెంబర్ నుంచి మార్జిన్ కోసం, అంటే ట్రేడింగ్‌కి హామీగా, పెట్టే షేర్లు నీ ఖాతాలోనే ఉండి తాకట్టు పడతాయి, దానికి నీ ఓటీపీ కావాలి. ఆ ఓటీపీ ఎవరికీ చెప్పకు తల్లీ.

రిజిస్ట్రేషన్ చూడొద్దని కాదు, అది తొలి మెట్టు. ఐఎన్‌జెడ్‌తో మొదలయ్యే నంబర్‌ని సెబీ వెబ్‌సైట్‌లో నువ్వే వెతుకు. వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన లింకు నొక్కొద్దు. అసలు సంస్థ నంబర్‌నే దొంగలు కాపీ కొడతారు కాబట్టి చిరునామా, ఫోను, డబ్బు వేయమన్న బ్యాంకు ఖాతా పేరు అన్నీ కలవాలి. ఎవరో వ్యక్తి పేరున్న ఖాతాకి పంపమంటే రూపాయి కూడా పంపకు. పొరపాటున పంపేస్తే వెంటనే 1930కి ఫోన్ చెయ్యి.

స్టేట్‌మెంట్‌లో తేడా కనిపించిందా, ఆ రోజే బ్రోకర్‌కి మెయిల్ రాసి అడుగు. సరైన జవాబు రాకపోతే సెబీ ఫిర్యాదుల వెబ్‌సైట్ స్కోర్స్‌లో ఫిర్యాదు పెట్టు, మొహమాటపడకు.