తింటుంటే తుమ్ములా? ఎప్పుడు పట్టించుకోవాలి?



ఆవకాయ అన్నం రెండు ముద్దలు తినగానే మీ బాబుకో పాపకో ముక్కు కారి, తుమ్ములు వస్తున్నాయా? జలుబనుకుని మందు వేసేయకండి. మిరపకాయకు మంట తెచ్చే క్యాప్సైసిన్, నోటిలోనూ ముక్కులోనూ ఉండే ట్రైజెమినల్ నరాన్ని రెచ్చగొడుతుంది. దాంతో ముక్కులో నీరు ఊరుతుంది, తుమ్ములు రావచ్చు. ఇది అలర్జీ కాదు. కారం తగ్గించి చూడండి.

కొందరికి ఏం తిన్నా సరే, కడుపు నిండగానే వరుసగా తుమ్ములు వస్తాయి. ఇది ఒకే కుటుంబంలో తండ్రికీ పిల్లలకూ కూడా కనిపించవచ్చు. భయపడాల్సింది కాదు. ఒకేసారి ఎక్కువ కాకుండా కొద్దికొద్దిగా, నిదానంగా తినడం అలవాటు చేయండి.

అయితే వేరుశనగ, జీడిపప్పు, గుడ్డు, పాలు వంటి ఏదో ఒక పదార్థం తిన్న ప్రతిసారీ తుమ్ములతో పాటు దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు వస్తుంటే అది ఆహార అలర్జీ కావచ్చు. ఆ పదార్థం ఆపి డాక్టరుకు చూపించండి. ఊపిరి ఆడకపోయినా, గొంతు బిగుసుకున్నా, సొమ్మసిల్లినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

లంచ్ బాక్సు పంచుకోవడం పిల్లలకు సరదా. మీ పిల్లలకు అలర్జీ ఉంటే ఆ పదార్థం పేరు డైరీలో రాసి, క్లాస్ టీచరుకు తప్పక తెలియజేయండి. ఎందుకు వద్దో పిల్లలకూ చెప్పండి.