నలుగురి పరుగు, ఒక్క బేటన్

మా అమ్మాయి హైస్కూల్లో ట్రాక్ టీములో చేరిన కొత్తలో, కోచ్ దాన్ని వంద మీటర్ల పరుగులో కాకుండా రిలేలో పెట్టాడని తెలిసి నాకు కాస్త కష్టంగానే అనిపించింది. క్లాసులో ఎన్నో ర్యాంకు, ఎంసెట్‌లో ఎన్నో ర్యాంకు అంటూ పెరిగిన ప్రాణం కదా! మొదటి మీట్ అయ్యాక కారులో అడిగాను, "నీ టైమెంత వచ్చింది తల్లీ?" అని. "రిలేలో నా టైమంటూ ఉండదు నాన్నా, అందరికీ కలిపి ఒకటే టైము" అంది. "మరి కాలేజీ అప్లికేషన్లో ఏం రాస్తావు?" అన్నాను. అది కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు.

ఆ మాట అనకుండా ఉండాల్సిందని నాకు తర్వాత తెలిసింది. తెలియజేసింది అలిసన్ ఫెలిక్స్. మన తరానికి పరుగుల రాణి అంటే పి.టి. ఉషే. ఇక్కడ పుట్టిన మన పిల్లలకి మాత్రం ఫెలిక్స్ పేరు బాగా తెలుసు. ఆవిడ సంగతులు చదువుతూ పోతే రిలే అంటే ఏమిటో కూడా నాకు అర్థమైంది. అదే మీతో పంచుకుందామని ఈ నాలుగు మాటలు.

ఫెలిక్స్ 1985 నవంబరులో లాస్ ఏంజిలిస్‌లో పుట్టింది. 18 ఏళ్ళకే 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల రజతం గెలిచింది. 2008 బీజింగ్‌లో మళ్ళీ రజతమే. 2012 లండన్‌లో అదే పరుగులో బంగారం. 2016 రియోలో 400 మీటర్ల రజతం, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం. ఒంటరిగా పరిగెత్తి తెచ్చుకున్నవి ఈ అయిదే. మొత్తం ఒలింపిక్ పతకాలు 11, అందులో బంగారాలు 7. అంటే ఏడు బంగారాల్లో ఆరు రిలేలవే! నా పాత ర్యాంకుల లెక్కలో చూస్తే ఆవిడకి ఒక్కటే బంగారం అన్నమాట.

రిలే అంటే నలుగురి వేగాన్ని కలిపేస్తే వచ్చేది కాదు. లండన్‌లో ఫెలిక్స్ రెండో వంతు పరిగెత్తిన 4×100 జట్టు 40.82 సెకన్లలో ప్రపంచ రికార్డు సృష్టించింది. అంతకు ముందు రికార్డు తూర్పు జర్మనీది, 41.37. అది 1985 అక్టోబరు నాటిది, అంటే ఫెలిక్స్ ఇంకా పుట్టలేదు. ఇప్పుడు 40.82ని నాలుగుతో భాగించండి. మనిషికి 10.2 సెకన్లు. కానీ మహిళల 100 మీటర్ల ప్రపంచ రికార్డు 10.49, 1988లో ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్నర్ నెలకొల్పినది. ఒక్క మనిషీ అందుకోని వేగాన్ని నలుగురూ కలిసి ఎలా అందుకున్నారు?

కిటుకు బేటన్ మార్పులో ఉంది. మొదటి అమ్మాయి తప్ప తక్కిన ముగ్గురూ నిలబడ్డ చోటి నుంచి మొదలుపెట్టరు. వెనక నుంచి వచ్చే అమ్మాయి ట్రాక్ మీద అతికించుకున్న గుర్తు దాటగానే ముందున్న అమ్మాయి పరుగు అందుకుంటుంది. వెనక్కి తిరిగి చూడదు. కేక వినబడగానే చెయ్యి వెనక్కి చాపుతుంది. బేటన్ ఆ చేతిలో పడాలి. దీనికి ఇచ్చే జాగా 30 మీటర్లు. అది దాటి చేతులు మారితే జట్టు మొత్తం అవుట్. మొదటామె కుడి చేత్తో, రెండో ఆమె ఎడమ చేత్తో, మూడో ఆమె మళ్ళీ కుడి చేత్తో పట్టుకుంటే, పరిగెడుతూ చేతులు మార్చుకునే పని ఉండదు. 4×400లో అయితే వచ్చేవాళ్ళు అలిసిపోయి ఉంటారు గనక, ముందున్నవాళ్ళు వెనక్కి చూస్తూనే అందుకుంటారు.

ఇది కుదరకపోతే ఎంత వేగమున్నా దండగే. 2008 బీజింగ్‌లో అమెరికా పురుషుల జట్టూ, మహిళల జట్టూ ఒకే రోజు బేటన్ జారవిడిచి ఇంటిదారి పట్టాయి.

రియోలో ఫెలిక్స్‌కీ ఆ గండం వచ్చింది. 4×100 మొదటి రౌండులో ఇంగ్లిష్ గార్డ్‌నర్‌కి బేటన్ అందించబోతుండగా పక్క లేన్‌లోని బ్రెజిల్ అమ్మాయి తగిలింది. బేటన్ నేల మీద పడింది. మిగతా జట్లు వెళ్ళిపోయాయి. ఆ క్షణంలో ఫెలిక్స్ తల పట్టుకుని కూర్చోలేదు. బేటన్ తీసుకుని ఎలాగైనా రేసు పూర్తి చెయ్యాలంది. పూర్తి చేశారు కాబట్టే అప్పీలు నిలబడింది. ఆ సాయంత్రం ఖాళీ ట్రాక్ మీద, పక్కన పోటీ ఎవరూ లేకుండా, ఆ నలుగురే మళ్ళీ పరిగెత్తి 41.77లో ముగించారు. మర్నాడు ఫైనల్లో మొదటి లేన్ నుంచి 41.01తో బంగారం గెలిచారు.

ఆ ఫైనల్లో పరిగెత్తినవాళ్ళు టియానా బార్టొలెట్టా, ఫెలిక్స్, గార్డ్‌నర్, టోరీ బోవీ. నలుగురూ నల్లజాతి మహిళలే. ఈ పేర్లు ఎందుకు చెబుతున్నానంటే, తర్వాతి కథ ట్రాక్ మీద జరగలేదు. 2018 నవంబరులో, 32 వారాల గర్భంతో మామూలు చెకప్‌కి వెళ్ళిన ఫెలిక్స్‌కి తీవ్రమైన ప్రీఎక్లాంప్సియా ఉందన్నారు. గర్భంతో ఉండగా బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బు అది. అత్యవసరంగా సిజేరియన్ చేసి పాపని తీశారు. బార్టొలెట్టా కూడా కాన్పులో చావు అంచుదాకా వెళ్ళొచ్చింది. బోవీ 2023లో ఎనిమిదో నెల గర్భంతో ఇంట్లోనే కన్నుమూసింది. నలుగురిలో ముగ్గురు! అమెరికాలో నల్లజాతి తల్లుల మరణాల గురించి ఫెలిక్స్ 2019లోనే ప్రతినిధుల సభ కమిటీ ముందు మాట్లాడింది. బోవీ పోయాక మళ్ళీ గట్టిగా రాసింది. మన ఇళ్ళలోనూ కడుపుతో ఉన్నవాళ్ళ కాళ్ళవాపులు, తలనొప్పులు "మామూలేలే" అనేస్తుంటాం. అనకండి. బీపీ చూపించండి.

పాప పుట్టిన పది నెలలకే ఫెలిక్స్ 2019 దోహా ప్రపంచ పోటీల్లో రిలే బంగారం గెలిచింది. టోక్యోలో 4×400 పరిగెత్తేటప్పటికి ఆవిడకి 35 ఏళ్ళు. చివరి వంతు పరిగెత్తిన అథింగ్ మూకి 19. సూడాన్ నుంచి వలస వచ్చిన కుటుంబం ఆ పిల్లది, న్యూజెర్సీలో పుట్టింది. ఆ రోజు వచ్చిన బంగారమే ఫెలిక్స్ పదకొండో ఒలింపిక్ పతకం. 2022లో యూజీన్ ప్రపంచ పోటీల్లో మిక్స్‌డ్ రిలే కాంస్యంతో సెలవు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయాక, 4×400 మొదటి రౌండుకి మనిషి కావాలని మళ్ళీ పిలిచారు. వెళ్ళి పరిగెత్తింది. ఫైనల్లో వేరేవాళ్ళు గెలిచారు. మొదటి రౌండులో పరిగెత్తినవాళ్ళకీ పతకం ఇస్తారు కాబట్టి అదీ ఆవిడ లెక్కలో చేరింది.

2024 పారిస్‌లో మన తణుకు అమ్మాయి దండి జ్యోతికశ్రీ భారత మహిళల 4×400 జట్టులో పరిగెత్తింది. మన జట్టు మొదటి రౌండు దాటలేదు. అయినా మా అమ్మాయీ నేనూ ఆ వీడియో రెండుసార్లు వేసుకుని, బేటన్ చేతులు మారేచోట ఆపి ఆపి చూశాం. అప్పుడు చెప్పాను, "ఆ రోజు కారులో అలా అడక్కుండా ఉండాల్సింది తల్లీ" అని. "నీకింకా గుర్తుందా నాన్నా?" అంది. కాసేపాగి, "ఆ రోజు మా బేటన్ మార్పులు మూడూ బాగా కుదిరాయి. నీకు అదే చెబుదామనుకున్నాను" అంది.