పశువుల ఆవరణకు సౌర విద్యుత్ కంచె: లోపాల గుర్తింపు, సవరణ

గొర్రెలు, మేకలు, పాడి పశువులను మేత ఆవరణలో నిలపడానికి సౌర విద్యుత్ కంచె ఉపయోగపడుతుంది. అయితే అమర్చిన కొత్తలో బాగా పనిచేసిన కంచె క్రమంగా బలహీనపడటం తరచుగా కనిపిస్తుంది. షాకు తగలకుండా ఒకసారి తీగ దాటిన మేక మరల దాటడానికి వెనుకాడదు. ఆ దశలో కొందరు విసిగి తీగకు నేరుగా 230 వోల్టుల సరఫరా కలుపుతారు. ఇది చట్టవిరుద్ధం, ప్రాణాంతకం. లోపాన్ని క్రమపద్ధతిలో కనుగొనడం రైతుకు నేర్పితే ఈ ప్రమాదకరమైన ఆలోచనకు తావుండదు.

పనిచేసే విధానం

ఎనర్జైజర్ అధిక వోల్టేజిని సుమారు సెకనుకు ఒకసారి, అత్యల్పకాలపు స్పందనగా పంపుతుంది. స్పందనల మధ్య విరామం ఉన్నందున తీగ తాకిన పశువు వెనుకకు తప్పుకోగలదు. నేరుగా కలిపిన సరఫరాలో విరామం ఉండదు. కండరాలు బిగుసుకొని తాకిన ప్రాణి తీగను వదలలేదు. తీగ నుండి పశువు శరీరం ద్వారా నేలకు, నేల నుండి ఎర్త్ రాడ్ల ద్వారా ఎనర్జైజర్‌కు విద్యుత్ తిరిగి చేరితేనే షాకు తగులుతుంది. పశువులకు కనీసం 3,000 వోల్టులు, ఉన్ని, దట్టమైన వెంట్రుకలు గల గొర్రెలు, మేకలకు 4,000 వోల్టులు తీగపై ఉండాలి. కొలవడానికి సాధారణ మల్టీమీటర్ వాడరాదు. కంచెకు ప్రత్యేకించిన వోల్ట్‌మీటర్ వాడాలి.

మొదటి పరీక్ష: ఎనర్జైజర్

యంత్రాన్ని ఆపి, కంచె తీగను విడదీసి, తిరిగి నడిపి దాని రెండు టెర్మినళ్ల మధ్య కొలవాలి. తయారీదారు తెలిపిన వోల్టేజి వస్తే లోపం వెలుపల ఉన్నట్లు. తక్కువగా వస్తే బ్యాటరీని చూడాలి. పూర్తిగా ఛార్జి అయిన 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ, కొంతసేపు విరామం తరువాత సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. పలకపై దుమ్ము, చెట్టు నీడ, టెర్మినళ్లపై పేరుకున్న తుప్పు ఛార్జింగ్‌ను తగ్గిస్తాయి.

రెండవ పరీక్ష: ఎర్తింగ్

ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది ఇదే. యంత్రాన్ని ఆపి, ఎర్త్ రాడ్లకు కనీసం 100 మీటర్ల దూరంలో తీగకు ఆనేలా ఇనుప కడ్డీలను నేలలో దిగవేయాలి. తిరిగి నడిపినప్పుడు కంచె వోల్టేజి 2,000 కంటే తగ్గాలి. అప్పుడు చివరి ఎర్త్ రాడ్‌కు, దానికి మీటరు దూరంలోని నేలకు మధ్య 300 వోల్టుల కంటే ఎక్కువ కనిపిస్తే ఎర్తింగ్ చాలదు. 2 మీటర్ల పొడవైన గాల్వనైజ్డ్ రాడ్లు కనీసం మూడు, 3 మీటర్ల ఎడంతో ఉండాలి. ఇంటి విద్యుత్ ఎర్తింగ్‌తో వీటిని కలపరాదు.

ఎర్ర చల్క నేలలు వేసవిలో పైపొర ఎండి విద్యుత్‌ను సరిగా తీసుకోవు. వర్షాకాలంలో పనిచేసిన కంచె ఏప్రిల్‌లో విఫలమవడానికి ఇది ముఖ్య కారణం. ఇటువంటి చోట్ల ఒక తీగను విద్యుత్‌కు, తరువాతి తీగను ఎర్త్ రాడ్లకు కలపాలి. రెండింటినీ ఒకేసారి తాకిన పశువుకు నేలతో నిమిత్తం లేకుండా షాకు తగులుతుంది.

మూడవ పరీక్ష: తీగ వరుస

కంచెను స్విచ్‌లతో భాగాలుగా విభజించి, చివరి నుండి ఒక్కొక్క భాగాన్ని విడదీస్తూ కొలవాలి. ఏ భాగాన్ని తీసినప్పుడు వోల్టేజి ఒక్కసారిగా పెరుగుతుందో లోపం అందులోనే ఉంటుంది. వర్షాకాలంలో తీగను తాకే గడ్డి, పగిలిన ఇన్సులేటర్లు, తుప్పుపట్టిన ముడులు, గేటు కింద దెబ్బతిన్న కేబుల్ సాధారణ కారణాలు. చీకటి పడ్డాక కంచె వెంట నడిస్తే టిక్ టిక్ శబ్దం, నిప్పురవ్వలు లీకేజీ స్థానాన్ని చూపుతాయి. ఏ మరమ్మతైనా యంత్రాన్ని ఆపిన తరువాతే చేయాలి.

కొమ్ములున్న మేకలు వల కంచెలో చిక్కుకుంటే తప్పించుకోలేక పదేపదే షాకుకు గురై చనిపోవచ్చు. వాటికి సమాంతర తీగల కంచె మేలు. కంచె పొడవునా హెచ్చరిక పలకలు కట్టాలి. ప్రతి ఉదయం కంచె చివర వోల్టేజి కొలిచి నమోదు చేసే అలవాటు ఉంటే, మంద బయటపడక ముందే లోపం తెలుస్తుంది.